విద్యుత్తు నిలుకడ



తీగె తెగనిదే దీపమారదని పలువురి తలంపు. లెక్క తప్పినను దీపమారును. గ్రామ లెక్కలలో జమకును ఖర్చునకును నడుమ నిలువ యనునది యుండును. నేటి లోటును రేపు పూడ్చుకొనవచ్చును. విద్యుచ్ఛక్తి చిట్టాలో నట్టి నిలువ దాదాపు లేదు. ఏ క్షణమున వాడుకొను శక్తి యా క్షణముననే పుట్టవలెను. ఈ జమాఖర్చుల పొందికను దెలుపు ముల్లు ఫ్రీక్వెన్సీ. మన దేశమున నది సెకనుకు 50 ఆవృత్తులు. ఖర్చు హెచ్చిన ముల్లు దిగును. జమ హెచ్చిన నెక్కును. దానిని 49.90కును 50.05కును నడుమ నిలుపుటకై రేయింబవళ్లు కాపలా గలదు.

కళ్లములో బంతి కట్టిన యెడ్లను జూచినవారికి తక్కినది సులభముగ బోధపడును. ఒకే పలుపునకు గట్టిన యెడ్లన్నియు నొకే నడక నడువవలెను. రామగుండపు యంత్రమును, శ్రీశైలపు యంత్రమును, ఎక్కడో పంజాబులోని యంత్రమును నేడిట్లే నడుచుచున్నవి. ఒక యెద్దు కూలినచో దాని పాలి బరువు తక్కినవానిపై బడును. కూలినదానిని వెంటనే పలుపునుండి విప్పనిచో బంతి యంతయు జెడును. తీగెలకు గాపున్న రిలే యను సాధనముల పని యీ విప్పుటయే.

2012 జూలై 30వ తేదీ తెల్లవారుజామున 2-33కు ఉత్తర భారతము చీకటియయ్యెను. మరునాడు మధ్యాహ్నము ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును గూలినవి. సుమారు 60 కోట్ల జనులకు విద్యుత్తు నిలిచెను. కొన్ని తీగెలు మరమ్మతులకై విప్పియుండగా, కొన్ని రాష్ట్రములు తమ పాలికి మించి లాగుకొనుచుండెను. తగ్గింపుడని హెచ్చరించినను తగినంత తగ్గింపరైరి. భారమంతయు బీనా–గ్వాలియరు తీగెపై బడి, యది విడిపోయెను. రెండు దినములును మొదట విడినది యా తీగెయే! మొదటినాటి పాఠము రెండవనాటికైన నక్కరకు రాకపోవుట విచారకరము.

దక్షిణాపథమున నాడు దీపములు వెలుగుచునే యుండెను. మన బంతి యప్పటికి వేఱు. తాల్చేరు–కోలారు వంటి ఏకముఖ విద్యుత్ప్రవాహపు తీగెల ద్వారముననే యుత్తరమునకు సంబంధము. అట్టి తీగె సరకు నిచ్చును గాని నడకను గలుపదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల తీగెతో దేశమంతయు నొక్క బంతియయ్యెను. లోటు వచ్చినపుడు దూరపు శక్తి యాదుకొనును, నిజమే. దూరపు కీడును నడచి వచ్చును.

ముందుచూపున్నచో నెంతటి కుదుపునైన దాటవచ్చుననుటకు 2020 ఏప్రిల్ 5 సాక్షి. ఆ రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషములు ఇండ్లలో దీపములార్పగా, దేశపు వాడుక సుమారు 31,000 మెగావాట్లు పడిపోయెను. ఎదురుచూచినది అందులో సగమునకు లోపే. ఇంజనీర్లు జలవిద్యుత్తును ముందుగ హెచ్చించి యుంచి, సమయమునకు జలద్వారములు మూసి సుమారు 17,000 మెగావాట్లను దించిరి. బొగ్గు యంత్రము లంత చుఱుకుగ దిగవు. నాగార్జునసాగరమునను శ్రీశైలపు ఎడమగట్టునను నీటిని తిరిగి పైకెత్తు యంత్రములు గలవు. ఆ చిట్టాలో నిలువ యనదగినది ఆ కొండనీరే.

ఇక మన పొలములకు వత్తము. కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు ఆటో స్టార్టరులున్న మోటారులన్నియు నొక్కమారుగ లేచును. లేచు క్షణమున మోటారు లాగు ప్రవాహము నడకలో లాగుదానికి ఐదాఱు రెట్లు. ఊరి ట్రాన్సుఫార్మరు ఇరువది మోటారుల యట్టి యూపును దాళలేక కాలును. వరి పొట్టకు వచ్చినపుడు నాలుగు దినములు నీరు లేకున్న నేమగునో ఈ సభకు వేఱుగ జెప్పనక్కరలేదు. ఆటో స్టార్టరు దీసివైచి, ఒకరి వెనుక నొకరు మీట వేసినచో నీ యాపద చాల వఱకు దప్పును. మోటారునకు దగిన కెపాసిటరు బిగించినచో తీగెపై వృథాప్రవాహము దగ్గి, చివరి పొలమున గల మోటారునకును వోల్టులు చక్కగ నందును.