మా తరగతిలో ముగ్గురు యాదగిరులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా పేరు యాదగిరి. మా తరగతిలో ఈ పేరు ముగ్గురికి ఉండేది. హాజరు పట్టీ తీస్తే సారు గౌలిపురా యాదగిరి, అలియాబాద్ యాదగిరి, లాల్‌దర్వాజ యాదగిరి అని పిలిచేవారు. లాల్‌దర్వాజ యాదగిరిని నేను.

ఇంతమందికి ఈ పేరు రావడానికి కారణం హైదరాబాదుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని యాదగిరిగుట్ట. ఋష్యశృంగుని కుమారుడు యాదర్షి అక్కడ తపస్సు చేయగా నరసింహస్వామి జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాల్లో దర్శనమిచ్చాడని స్థలపురాణం. యాదర్షి కొండ కాబట్టి యాదగిరి. గిరి అన్నా గుట్ట అన్నా కొండే. వాడుకలో రెండూ కలిశాయి. ఈమధ్య వచ్చిన యాదాద్రిలోని అద్రి కూడా కొండే. పిల్లలు లేనివారు, పుట్టినా దక్కనివారు అక్కడ మొక్కుకునేవారు. కొడుకు పుడితే యాదగిరి, యాదయ్య. బిడ్డ పుడితే యాదమ్మ.

మన ఉర్దూ సారు మాత్రం నన్ను ‘యాద్‌గార్’ అనేవారు. అంటే జ్ఞాపకచిహ్నం. మనం ‘యాదికొచ్చింది’ అంటామే, ఆ యాది ఫారసీ నుంచి వచ్చినదే. నా పేరుతో దానికి చుట్టరికం లేదు. కానీ పాతబస్తీలో రెండు మాటలూ ఇరుగుపొరుగుగా బతికాయి.

పదో తరగతి పరీక్ష ఫారాలు నింపేనాటికి ఈ పేరంటే నాకు నామోషీ. గిరీశ్ అని రాయించుకుంటానని పట్టుబట్టాను. సారు ఫారం పక్కనబెట్టి, “మీ నాయన్ను అడిగి రా” అన్నారు. నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నీకంటె ముంగట ఇద్దరు పుట్టి పోయిండ్రు. నువ్వన్న దక్కుతవని గుట్టకు మొక్కి పెట్టుకున్న పేరు. మార్చుకుంటె మార్చుకో కొడుకా, నేనైతే గట్లనే పిలుస్త” అన్నాడు. ఆ ఇద్దరి మాట వినడం అదే మొదటిసారి. మర్నాడు ఫారంలో యాదగిరి అనే రాశాను. ఇంజనీరుగా ఇన్నేళ్లూ ప్రతి డ్రాయింగు మీదా ఆ సంతకమే.

నాయన ఇప్పుడు లేడు. 2022 మార్చి 28న పునర్నిర్మించిన ఆలయం తెరిచాక అమ్మను తీసుకెళ్లాను. నేను కృష్ణశిల పనితనం చూస్తూ నిలబడ్డాను. అమ్మ మూడుసార్లు దండం పెట్టింది. ఆ ఇద్దరికీ ఏం పేర్లు పెట్టారని అడిగాను. “పురుడు గాకముందే పోయిండ్రు. పేర్లెక్కడియి?” అంది.

అందుకే ఒక చిన్న మనవి. సంఘం సభ్యుల జాబితాలో మనలో చాలామందిమి పొట్టి పేర్లు, ఇంగ్లిషు పొడి అక్షరాలు రాసిచ్చాం. నేనూ ‘వై. గిరి’ అనే రాసిచ్చాను. దయచేసి ఇంట్లో పిలిచిన పూర్తి పేరు రాసివ్వండి. ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో మీ పిల్లలకు చెప్పండి.

గౌలిపురా యాదగిరి ఇవాళ ముందు వరుసలోనే ఉన్నాడు. అలియాబాద్ యాదగిరి జాడ మాకింకా దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మిగతా ఇద్దరూ ఎదురుచూస్తున్నారని చెప్పండి.

సెలవు.