గడ్డి నేల ఖాళీ నేల కాదు

ఇవాళ మన టాపిక్ గడ్డి. నవ్వకండి. లంచం తీసుకుంటే "గడ్డి తిన్నాడు" అంటాం, ఎవరినైనా బాగా తిడితే "గడ్డి పెట్టారు" అంటాం, విలువ లేనిదాన్ని "గడ్డిపోచ" అంటాం. మన మాటల్లోనే గడ్డికి మర్యాద లేదు. ప్రభుత్వ లెక్కల్లోనూ అంతే. దేశంలో చాలా గడ్డి నేలలు "బంజరు" జాబితాలో ఉన్నాయి.

బంజరు అనగానే మనకి రెండే ఆలోచనలు వస్తాయి. ఏదైనా కట్టేద్దాం, లేదా మొక్కలు నాటేద్దాం. కడితే గడ్డి పోతుందని అందరూ ఒప్పుకుంటారు. మొక్కలు నాటినా పోతుందంటే మాత్రం ఎవరూ నమ్మరు. అందుకే ముందు గుజరాత్‌లోని కచ్ వెళ్దాం.

అక్కడ బన్నీ అని ఒక గడ్డి మైదానం ఉంది. సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. మాల్ధారీలు అనే పశువుల కాపరులకు అదే బతుకు. వాళ్ల బన్నీ గేదెలు రాత్రంతా మేసి తెల్లారేసరికి ఇంటికి వచ్చేస్తాయి. 2010లో వీటికి ప్రత్యేక జాతిగా గుర్తింపు కూడా వచ్చింది.

ఉప్పు నేల ముందుకు పాకకుండా ఆపాలని 1960ల మొదట్లో అటవీశాఖ ఇక్కడ సర్కారు తుమ్మ వేసింది. ఉద్దేశం మంచిదే. కానీ పశువులు ఆ కాయలు తిన్నాయి, పేడతో పాటు గింజలు మైదానమంతా పడ్డాయి. తుమ్మ అల్లుకుపోయింది, కింద గడ్డి చచ్చిపోయింది. కొట్టేద్దామంటే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే ఇప్పుడు కొన్ని చోట్ల వేళ్లతో సహా పెకలించి, అక్కడి గడ్డి విత్తనాలే చల్లి, కొంతకాలం మేత ఆపి, నేలను వెనక్కి తెస్తున్నారు. నాటడం కంటే తీయడం ఎన్నో రెట్లు కష్టం.

"సరే, మొక్కలు వద్దు. పశువుల్ని కూడా రానీకుండా కంచె వేసి వదిలేస్తే?" అని మీకు అనిపించొచ్చు. దీనికి జవాబు మన దగ్గరే ఉంది.

నంద్యాల జిల్లా రోళ్లపాడు. బట్టమేక పక్షి కోసం 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 614 హెక్టార్లు. మగ బట్టమేక 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపక్షి నేల మీదే, మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. కాబట్టి శత్రువు దూరంగా ఉండగానే కనిపించాలి, అంటే పొట్టి గడ్డి ఉండాలి. మొదట్లో రక్షణ మేలు చేసింది. కానీ మేత పూర్తిగా ఆగిన చోట్ల గడ్డి ఏపుగా పెరిగిపోయింది. చుట్టూ పొలాలకి కాలువ నీళ్లొచ్చి పంటలు కూడా మారాయి. ఇలా అన్నీ కలిసి, ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనబడదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 దాకా ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే.

అసలు సంగతి ఇదీ. గడ్డి ఎదిగే మొగ్గ నేలకి దగ్గరగా ఉంటుంది. అందుకే గొర్రె కొస కొరికినా మళ్లీ లేస్తుంది. లేవడానికి తను దాచుకున్న శక్తిని వాడుకుంటుంది. తేరుకోకముందే మళ్లీ కొరికితే వేరు చిక్కిపోతుంది. అసలు ఎవరూ కొరక్కపోతే ఎండుగడ్డి పేరుకుపోయి కొత్త పిలకలకి ఎండ తగలదు. అంటే మేత తప్పు కాదు, విరామం లేని మేత తప్పు.

మరి ఊరి బీడుని బాగుచేయాలంటే? దాన్ని నాలుగు భాగాలు చేసుకోండి. వానలు పడ్డాక ఒక భాగంలోకి, విత్తనం రాలేదాకా, మందను పంపకూడదు. ఏటా ఆ వంతు మారాలి. తుమ్మ మొలకల్ని చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో పీకేయాలి. గడ్డి పోయిన మచ్చల్లో అంజన్ లాంటి మన గడ్డి విత్తనాలు తొలకరికి ముందు చల్లాలి. నేలని మాత్రం దున్నొద్దు, ఉన్న వేళ్లు కూడా పోతాయి.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ వంతులు ఆఫీసులో కూర్చుని రాస్తే నడవవు. సెంటు పొలం లేని గొర్రెల కాపరికి ఆ బీడే ఆస్తి. ఈ ఏడాది ఒక భాగం మూస్తే అతని మంద ఎక్కడ మేయాలో ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే కంచె ఒక్క రాత్రి కూడా నిలబడదు.

ఈ వానాకాలం మీ ఊరి వాట్సాప్ గ్రూపులో "బీడులో మొక్కలు నాటుదాం, రండి" అని మెసేజ్ వస్తే ఒక్క ప్రశ్న పెట్టండి: అక్కడ ఎప్పుడైనా అడవి ఉండేదా, లేక ఎప్పుడూ గడ్డేనా? జవాబు గ్రూపులో దొరక్కపోతే, ఊళ్లో గొర్రెలు కాసిన ఏ తాతనైనా అడగండి, ఠక్కున చెప్పేస్తాడు. గడ్డే అయితే, మొక్కలు బడిలో, రోడ్డు పక్కన, చెరువు కట్ట కింద నాటుకుందాం. గడ్డిని గడ్డిగానే ఉండనిద్దాం.

ఆ తాత ఏం చెప్పాడో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే!