చిరునామా మార్చే ఫోన్లు

2016 ఏప్రిల్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి ఉచిత వైఫై తెచ్చిన తొలి స్టేషన్లలో రాయ్‌పూర్ ఒకటి. విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం కూడా అదే విడతలోవి.

ఫోన్‌లోని వైఫై చిప్‌కు పుట్టుకతోనే 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. అది ఎన్నటికీ మారకపోతే, రాయ్‌పూర్ స్టేషన్‌లో కనిపించిన ఫోనే కాసేపటికి ఆ ఊరి పండ్రీ బజారుకు చేరిందని రెండుచోట్లా వైఫై నడిపేవాళ్లు ఇట్టే పసిగట్టగలరు. అందుకే 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామా చూపడం మొదలుపెట్టాయి.

చిక్కు ఇక్కడే. చిరునామానే గుర్తుపెట్టుకునే నెట్‌వర్క్‌కు, అది ఎప్పుడైనా మారితే పాత ఫోనే కొత్తదిగా తోస్తుంది. మళ్లీ ఓటీపీ అడుగుతుంది.

దీనికి విరుగుడు 802.1ఎక్స్ పద్ధతి. అది చిరునామాను కాక, ఖాతానో డిజిటల్ ధ్రువపత్రాన్నో చూసి లోపలికి రానిస్తుంది. యూరప్‌లో పుట్టిన, విశ్వవిద్యాలయాల ఉమ్మడి వైఫై సేవ ఎడ్యురోమ్ దీనిమీదే నడుస్తోంది. భారత్‌లో దాన్ని ఎర్నెట్ సంస్థ నిర్వహిస్తోంది. విద్యార్థి మరో ఊరి క్యాంపస్‌కు వెళ్లినా, పాస్‌వర్డ్ సరిచూసేది అతని సొంత విశ్వవిద్యాలయమే.

ఫోన్ కూడా అవతలి సర్వర్ ధ్రువపత్రాన్ని తనిఖీ చేయాలి. ఆ సెట్టింగ్ ఆపేస్తే, అదే పేరు పెట్టుకున్న నకిలీ వైఫైకి పాస్‌వర్డ్ చిక్కే ప్రమాదముంది.