వాడుక తప్పిన కంప్యూటరు – అందలి వ్రాత



కోట సీమకు తూర్పున, సముద్రతీరము వెంబడి సాగు బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు సరకుల పడవలు నడిచెడివి. పడవ రేవు చేరినంత మాత్రమున ధాన్యము కొట్టునకు చేరదు. బస్తాలను ఒకటొకటిగా దింపవలెను. గుమాస్తా లెక్క చూడవలెను. లెక్క తప్పినచో పడవవానిని మరల అడుగవలెను. ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు వ్రాతను చేరవేయుటయు ఇట్టి పనియే. అందును, వాడుక తప్పిన యంత్రమునుండి వ్రాతను వెలికి దీయుట గ్రంథాలయములు ఆలోచింపదగిన విషయము.

1984లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద పాఠశాలలకు కంప్యూటర్లను పంపనారంభించెను. అవి బ్రిటనులోని ఏకార్న్ సంస్థ 1981లో వెలువరించిన బి.బి.సి. మైక్రో యంత్రములు. సాధారణముగా వాని జ్ఞాపకస్థానము 32 కిలోబైట్లు మాత్రమే. నేటి చేతిఫోను తీసిన ఒక్క ఛాయాచిత్రమైనను అందులో ఇముడదు. కాలక్రమమున అవి మూలబడినవి. వాని ఫ్లాపీలను నేటి కంప్యూటర్లు చదువజాలవు. చదువు పరికరము వీనికి లేదు. దానిని సంపాదించినను ఫ్లాపీపై వ్రాసిన క్రమము వేరు.

ఫ్లాపీ కలియనిచోట తీగ కలియును. ఆ తీగపై వ్రాతను నడపు పద్ధతి యొకటి 1981లోనే పుట్టినది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున పెద్ద కంప్యూటరులో విద్యార్థుల వ్రాతలకు చోటు చాలకుండెను. వానిని చిన్న కంప్యూటరు ద్వారా ఫ్లాపీలలోనికి దింపుకొనుటకై ఫ్రాంక్ డ క్రూజ్, బిల్ కాచింగ్స్ అనువారు ‘కెర్మిట్’ అను పద్ధతిని రూపొందించిరి. ఆ పేరు అమెరికా బొమ్మలాటలోని ఒక కప్పది.

దాని తీరు సులభమైనది. వ్రాతను నూరు అక్షరములకు లోబడిన చిన్న మూటలుగా విభజింతురు. ప్రతి మూటకును ఒక వరుససంఖ్య, ఒక సరిచూపు లెక్క యుండును. అందుకొన్న యంత్రము తానుగా లెక్కకట్టి, సరిపోయినచో ‘అందినది’ అనియు, లేనిచో ‘మరల పంపుము’ అనియు బదులిచ్చును. బదులు రాకున్నచో పంపిన యంత్రము కొంతసేపు వేచి, ఆ మూటనే తిరిగి పంపును.

కెర్మిట్ ఒక యంత్రమునకు కట్టుబడినది కాదు. నియమములు అందరికి ప్రకటింపబడుటచే, ఏ యంత్రము గలవారు దానికి తగిన ప్రోగ్రామును వ్రాసికొనిరి. బి.బి.సి. మైక్రోకు ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయము వారు వ్రాసిరి. మూటలు చిన్నవగుటచే అల్పమైన జ్ఞాపకస్థానమే చాలును. ఆంగ్లాక్షరమగు ‘ఏ’కు చిన్న కంప్యూటర్లలో 65, ఐ.బి.యం. పెద్ద యంత్రములలో 193 సంకేతసంఖ్య. కావున దారిలో ఒకే సంకేతము నడచును, ఎవరి వాకిట వారు మార్చుకొందురు. ఇక ప్రోగ్రామే లేని యంత్రములోనికి ప్రోగ్రామును చేర్చుట యెట్లు? మొదట చేతితో ఒక చిన్న ప్రోగ్రామును టైపు చేయుదురు. అది తీగద్వారా పెద్దదానిని అందుకొనును.

కొలంబియా విశ్వవిద్యాలయము 2011లో ఆ పథకమును ముగించినది. అయినను కెర్మిట్ మూలరచన నేటికిని స్వేచ్ఛగా లభించుచున్నది.

అయితే చేరుట వేరు, చదువుట వేరు. తెలుగు అక్షరములకు యూనికోడులో 1991లో స్థానము లభించినది. అంతకుముందును, ఆ తరువాత చాలకాలమును, తెలుగు అచ్చు ఫాంట్లలో ఎవరి సంఖ్యలు వారివే. అట్టి వ్రాత ఒక్క బైటైనను పోకుండ చేరినను, ఏ ఫాంటులో వ్రాసిరో తెలియనిచో అర్థములేని గుర్తులుగానే కనబడును. కావున వ్రాతతోపాటు ఫాంటు పేరును, ప్రోగ్రాము పేరును వ్రాసియుంచవలెను.

పూర్వము తాటాకు శిథిలము కాకముందే లేఖకుడు దానికి నకలు తీసెడివాడు. తీసి, మూలముతో సరిచూచెడివాడు. గ్రామ గ్రంథాలయమున చందాదారుల పట్టిక కావచ్చును, స్థానిక కవి వ్రాతప్రతి కావచ్చును, అది పాత కంప్యూటరులో నున్నచో, ఆ యంత్రము పనిచేయుచుండగానే వెలికి దీసి, సరిచూచి, రెండు తావుల భద్రపరుపవలెను. యంత్రము ముసలిదగుట దోషము కాదు. అందలి మాటను దానితోపాటే పోనిచ్చుట దోషము.