అద్దె గుల్లలో సన్యాసి పీత

చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాలు చూస్తే, కడలికి ఇంత దూరాన ఉన్న మన పాతబస్తీకి దానితో ఎంత చుట్టరికమో తెలుస్తుంది. ముత్యాన్నిచ్చేది ఆల్చిప్ప. దాని దూరపు బంధువు నత్త. ఆ నత్త చనిపోయాక మిగిలిన గుల్లే సన్యాసి పీతకు ఇల్లు.

విశాఖ తీరంలో ఆటు వేళ రాళ్ల మధ్య నీటిగుంటలోకి ఓపిగ్గా చూడండి. నత్తగుల్ల ఒకటి చకచకా నడుస్తుంది! చేయి చాపగానే అందులోని పీత లోపలికి ముడుచుకుని, డెక్కను తలుపులా అడ్డుపెడుతుంది.

దీని ముందుభాగం గట్టిది. పొట్ట మాత్రం మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. తోక చివరి కొక్కేలతో గుల్లను లోపలినుంచి పట్టుకుంటుంది. ఒళ్లు పెరిగితే ఇల్లు మారాల్సిందే. కొత్త గుల్లను తడిమి, దొర్లించి, కొలత చూసుకుని చటుక్కున దూరుతుంది. అది ఖాళీ చేసినదాంట్లోకి మరో చిన్న పీత చేరుతుంది.

కొన్ని జాతులు గుల్లపై సీ అనిమోన్ అనే సముద్రజీవిని మోస్తాయి. దాని కుట్టే తంతువులు పీతకు కాపలా. పీత తినగా మిగిలిన తునకలు దానికి తిండి. చచ్చిన జీవులను తింటూ ఈ పీతలు సముద్రగర్భాన్ని శుభ్రం చేస్తాయి.

హిందూ మహాసముద్రంలోని కోకోస్, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవుల్లో ప్లాస్టిక్ చెత్తలో చిక్కి 5 లక్షలకు పైగా నేల సన్యాసి పీతలు చనిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అందుకే తీరానికి వెళ్తే ఖాళీ గుల్లను అక్కడే వదిలేయండి, ప్లాస్టిక్ సీసాను మాత్రం వెంట తెచ్చేయండి. ఆ గుల్ల కోసం ఒక ప్రాణి ఎదురుచూస్తుంటుంది.