రక్తనాళం తప్పించిన సూది

పిఠాపురంలో ఈ వేళ పట్టాలు పుచ్చుకుంటున్న యువ వైద్య మిత్రులారా! ఈ పూట ఒక చైనా సూది వైద్యుడి సంగతి చెప్పుకుందాం.

ఆక్యుపంక్చర్ అనగానే వేల ఏళ్ల నాటి విద్య అని బోర్డుల మీద రాస్తుంటారు. పాతదే, కాదనేదేం లేదు. చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో 1968లో తవ్విన హాన్ రాజకుమారుడు ల్యూ షెంగ్ సమాధిలో నాలుగు బంగారు సూదులు, అయిదు వెండి సూదులు బయటపడ్డాయి. ఆయన పోయింది క్రీ.పూ. 113లో. అయితే పాత గ్రంథాలు చెప్పిన తొమ్మిది రకాల సూదుల్లో కొన్ని గడ్డలు చీరడానికి, రక్తం తీయడానికి వాడే చిన్నపాటి కత్తులే. సన్న సూది వాటిలో ఒకటి మాత్రమే. ఇంజెక్షన్ సూది దాదాపు ముప్పావు మిల్లీమీటరు మందం ఉంటే, ఇప్పటి ఆక్యుపంక్చర్ సూది మందం పావు మిల్లీమీటరు. ఈ సన్న సూదినే ప్రధానం చేసిన ఇప్పటి పద్ధతికి ఇంకా నూరేళ్లు నిండలేదు.

దాని వెనక పెద్ద చెయ్యి ఛెంగ్ దాన్‌ఆన్‌ది. 1899లో జియాంగ్సు రాష్ట్రంలో పుట్టారు. ఇంట్లో తండ్రి వైద్యం ఉన్నా కుర్రవాడి మనసు పాశ్చాత్య వైద్యం మీదికి పోయింది. తీరా నడుం నొప్పితో తానే మూలపడ్డప్పుడు, లేపి కూర్చోబెట్టినవి తండ్రి గుచ్చిన సూదులే. అప్పటికి సొంత దేశంలోనే ఆ విద్యకు పరువు లేదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్యశాలలో సూది వైద్య శాఖనే ఎత్తేయించాడు. 1929లో ప్రభుత్వ ఆరోగ్య సంఘం ఏకంగా సంప్రదాయ వైద్యాన్నే తీసేయాలని తీర్మానించింది. వైద్యులు గగ్గోలు పెడితే అది ఆగింది.

ఛెంగ్ గగ్గోలుతో సరిపెట్టలేదు. శరీర నిర్మాణ శాస్త్రాన్ని ముందు పెట్టుకుని, గుచ్చే చోట్లు ఒక్కొక్కటే సరిచూశారు. రక్తనాళాల మీద పడుతున్న వాటిని పక్కకు జరిపారు. మొద్దు సూదుల చోట సన్నవి తెచ్చారు. సూది పనిచేసేది నరాల ద్వారా అని వివరించారు. వూషీలో బడి పెట్టి, దూరాన ఉన్నవాళ్లకు పోస్టు ద్వారా పాఠాలు పంపారు; పత్రిక నడిపారు. జపాన్ వెళ్లి, అక్కడివాళ్లు ఏం చేస్తున్నారో చూసొచ్చారు. పెద్దలు గీసిన చోటును కదపడం ఆ రోజుల్లో చిన్న సాహసమేం కాదు. మన దగ్గర ఎవరైనా ఆయుర్వేద మర్మస్థానాల పటాన్ని దిద్దుతానంటే ఏమవుతుందో ఊహించుకోండి!

మన దేశానికి ఈ విద్య వచ్చింది పాశ్చాత్య వైద్యం చదివిన ఒక డాక్టరు చేతుల మీదుగానే. 1938లో కాంగ్రెస్ చైనాకు పంపిన అయిదుగురు డాక్టర్లలో కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలో వెళ్లి తిరిగొచ్చిన బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో వైద్యం మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి ప్రత్యేక చట్టమే చేసింది.

బసులా రెండు వైద్యాలతో ముడిపడ్డ మనిషి మన గోదావరి సీమలోనూ ఉన్నారు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. చెప్పింది శరీర నిర్మాణ శాస్త్రమే!

ఇక అసలు ప్రశ్న. సూది పనిచేస్తుందా? 2007లో జర్మనీ పరిశోధకులు 1,162 మంది నడుం నొప్పి రోగుల ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలకు పద్ధతి ప్రకారం గుచ్చించుకున్నవారిలో 47.6 శాతం మందికి ఊరట కలిగింది. సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చించుకున్నవారిలో 44.2 శాతం మందికి కలిగింది. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్సలో 27.4 శాతమే. ఈ లెక్క ఇరుపక్షాలకూ మింగుడుపడదు. చోటు మహిమ అనేవాళ్లకు మధ్య అంకె అడ్డు, ఒట్టి బూటకం అనేవాళ్లకు చివరి అంకె అడ్డు. నొప్పి తగ్గడంలో రోగి నమ్మకానికి, వైద్యుడు పక్కన కూర్చుని గడిపే సమయానికి పెద్ద వాటా ఉందనుకోవడమే సబబు.

రేపు మీ దగ్గరికి ఉప్పాడ నుంచి గుంట మగ్గం మీద జాందానీ నేసే మనిషి నడుం పట్టుకుని వస్తాడు. సూదితో ఊరట కలిగితే సంతోషమే. ముందు అడగాల్సినవి అడగండి. కాళ్లలో బలం తగ్గిందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా, మూత్రం పట్టు తప్పుతోందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా సూదుల పెట్టె మూసేసి, ఆ పూటే కాకినాడ పెద్దాసుపత్రికి పంపించండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నాడేమో చీటీ చూడండి. రొమ్ము, భుజం దగ్గర లోతుకు గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వద్దు. ప్యాకెట్ రోగి కళ్లెదుటే విప్పండి.