వాము నడుమ వేడి
(మస్కట్‌లోని ఖురంలో చేసిన స్మారకోపన్యాసం)



 మనం ఈ రోజు తలుచుకుంటున్న మాస్టారిని మస్కట్‌లో పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మనమున్న ఈ ఖురం పేరుకు అరబ్బీలో మడచెట్టని అర్థం. కాకినాడ మనిషి కదా, ఆ చెట్లు చూసినప్పుడల్లా కోరింగ మడ అడవిని తలుచుకునేవారు.

కొత్తగా చేరిన ఫార్మసిస్టులకు ఆయన మొదటి పాఠం లుబాన్‌తో, అంటే సాంబ్రాణితో, మొదలయ్యేది. ఒక కుంపట్లో సాంబ్రాణి పొడి చల్లేవారు, ఇంకోదాంట్లో ఒక గడ్డ పెట్టేవారు. పొడి గుప్పున పొగ లేచి అయిపోయేది. గడ్డ మాత్రం చాలాసేపు నిలిచేది. "చూశారుగా, సన్నగా ఉంటే తొందర, లావుగా ఉంటే ఆలస్యం. ఇప్పుడిది మరిచిపోండి" అనేవారు.

ఎందుకు మరిచిపోవాలి? ఒంట్లో కరిగిపోయే పాలిమర్‌ల దగ్గర ఈ లెక్క సగమే నిజం.

ఆ సగం ముందు చూద్దాం. మందు నింపిన 100 మైక్రాన్ల పాలిమర్ గోళీ దాదాపు వెంట్రుక మందం ఉంటుంది. అందులో పట్టే మందు 10 మైక్రాన్ల గోళీలు వెయ్యింటిలో పడుతుంది. ఆ వెయ్యింటి పైభాగాలు కలిపితే పెద్దదాని కన్నా పది రెట్లు. లోపలి మందు బయటికి రావాల్సిన దూరం పదో వంతు, పట్టే కాలం వందో వంతు. అందుకే మరీ సన్నవి మొదటి రోజే మందు కుమ్మరించే ప్రమాదం ఉంది.

ఇక రెండో సగం. పీఎల్‌జీఏ అంటే లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు గొలుసుగా అల్లిన పదార్థం. కుట్లకు వాడే కరిగే దారం కూడా ఈ కుటుంబానిదే. నీరు తగిలితే గొలుసు తెగుతుంది, తెగిన చోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మరిన్ని గొలుసుల్ని తెంపుతుంది. చిన్న గోళీలో పుట్టిన ఆమ్లం ఇట్టే బయటికి జారిపోతుంది. పెద్దదాంట్లో నడుమ చిక్కుకుపోతుంది. తడిసిన గడ్డివాము చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు: పైన ఎండిపోయి బాగానే కనిపిస్తుంది, చెయ్యి పెడితే లోపల వేడి, కుళ్లు. పరచిన గడ్డికి ఆ గతి పట్టదు.

ఫ్రాన్స్‌లో మాంపెలియేకి చెందిన మిషెల్ వెర్ట్ బృందం 1995లో దీన్ని తేల్చి చూపింది. ఒకే పాలిమర్‌ని బిళ్లగా, పూసగా, పల్చటి ఫిల్ముగా, సన్నటి గోళీలుగా చేసి నీళ్లలో ఉంచితే, సన్నవే నెమ్మదిగా శిథిలమయ్యాయి. లావువి లోపల్నించి డొల్లయ్యాయి.

అంటే పరిమాణం పెరిగితే మందు నడిచే దారి పొడుగవుతుంది, గోడలు మాత్రం త్వరగా కూలతాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు కూడా. లిడోకేయిన్ గోళీల మీద సీప్‌మన్ బృందం 2005లో ప్రచురించిన పనిలో సరిగ్గా అదే కనబడింది: పరిమాణం మారినా విడుదల పెద్దగా మారలేదు. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ఫలితం ఇదే, ఏమీ మారలేదని చెప్పింది కాబట్టి!

మందుల షాపులో దీని అర్థమేమిటి? ప్రోస్టేట్ క్యాన్సర్‌కి నెలకొకసారి వేసే, ఇలాంటి గోళీలతో చేసిన ల్యూప్రొలైడ్ డిపో అమెరికాలో 1989లో వచ్చింది. అక్కడే 2003లో వచ్చిన రిస్పెరిడోన్ ఇంజెక్షన్ వేశాక మొదటి మూడు వారాలు మందు దాదాపు బయటికి రాదు, గోళీలు శిథిలమయ్యే దాకా ఆగాలి. అందాకా మాత్రలు మింగాల్సిందే. "సూది వేశారుగా" అని మాత్రలు మానేసేవాళ్లకు ఆ మాట చెప్పాల్సింది ఫార్మసిస్టులమైన మనమే.

ఇక ఆ పరిమాణం కుదర్చడం సంగతి: గోళీల తయారీ కవ్వంతో చిలకడం లాంటిది. వేగం పెంచితే బొట్లు సన్నబడతాయి, కానీ అన్నీ ఒక్క తీరుగా రావు. సగటు 40 మైక్రాన్లని రాసిన సంచిలో 10వీ, 90వీ కలిసి ఉండొచ్చు. సగటొకటే చూసి సంతకం పెట్టేవాళ్లని మాస్టారు క్షమించేవారు కాదు.

చివరగా ఈ ఊరి సంగతి. పీఎల్‌జీఏ చాలా రకాల్లో 45, 50 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మెత్తబడ్డ గోళీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, పరిమాణం లెక్క అక్కడే తప్పుతుంది. జూన్‌లో అద్దాలు మూసిన కారు లోపల ఆ వేడి దాటిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టమని రాసిన ఇంజెక్షన్ డబ్బా చేతిలో ఉంటే ముందు ఇంటికి వెళ్లండి. ఖురం బీచ్‌కి తర్వాత రావచ్చు.